చెర్రీబ్రూక్‌లో ఇల్లు కొనాలా? చెట్లు, వేలంపాట, ఇరుగుపొరుగు గురించి సిడ్నీ సభ్యుల అనుభవాలు కావాలి

గోదారిగట్టు, వెస్ట్‌మీడ్

సభ్యులందరికీ నమస్కారం. ఏడేళ్ళుగా వెస్ట్‌మీడ్‌లో రెండు పడకగదుల యూనిట్‌లో అద్దెకు ఉంటున్నాం. పెద్దమ్మాయి మరో రెండేళ్ళలో హైస్కూలుకు వెళ్తుంది, పిల్లవాడు ఇంకా కిండర్‌గార్టెన్‌లో ఉన్నాడు. రాజమండ్రిలో మా అమ్మ ఒక్కతే ఉంటోంది. ఏడాదిలో కొన్ని నెలలైనా ఆమెను మా దగ్గర ఉంచుకోవాలని కోరిక. ఇక సొంత ఇల్లు కొనక తప్పదన్న నిర్ణయానికి వచ్చాం.

తెలిసినవాళ్ళలో చాలామంది మార్స్‌డెన్ పార్క్, స్కోఫీల్డ్స్ వైపు కొత్త ఇళ్ళు కట్టుకున్నారు. మేమూ అటే చూస్తూ వచ్చాం. పోయిన నెల ఒక మిత్రుని ఇంటికి చెర్రీబ్రూక్ వెళ్ళి, సాయంత్రం పూట ఆ వీధుల్లో గంటసేపు నడిచాం. ఇంటి కప్పులకు మూడు నాలుగింతల ఎత్తున చెట్లు, వాటి మీద తెల్ల కకటూ చిలకల గుంపు, గాలిలో యూకలిప్టస్ వాసన. మా ఆవిడ అక్కడే నిలబడి, ఉంటే ఇక్కడే ఉండాలండీ అంది. ధరలు చూస్తే మాత్రం గుండె జారిపోయింది. విడి ఇల్లు ఒక్కటి కూడా 20 లక్షల డాలర్ల లోపు కనిపించలేదు. ఆ పచ్చదనం కోసం అంత అప్పు నెత్తిన పెట్టుకోవడం వివేకమేనా? అక్కడ ఉంటున్నవారు, ఉండి వచ్చేసినవారు, వేలంలో పాల్గొన్నవారు దయచేసి చెప్పండి.

నల్లమల, చెర్రీబ్రూక్

గోదారిగట్టు గారూ, మేము 2006 నుంచి ఇక్కడే ఉంటున్నాం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీరు చూసిన పెద్ద చెట్లలో చాలావరకు సిడ్నీ బ్లూ గమ్, బ్లాక్‌బట్ రకాలు అయి ఉంటాయి. బ్లూ గమ్ కాండం మొదట్లో కొంత మేర గరుకు బెరడుతో ఉండి, ఆపైన నున్నగా, బూడిద కలిసిన నీలిరంగులో మెరుస్తూ పైకి పోతుంది. వీటిలో చాలా చెట్లు మున్సిపాలిటీవాళ్ళు వరసగా నాటిన బాట చెట్లు కావు. వాన బాగా కురిసే ఈ గుట్టల మీద, షేల్ రాయి అరిగి ఏర్పడిన బంకమట్టిలో సహజంగా పెరిగిన అడవికి ఇవి చివరి ఆనవాళ్ళు. ఆ అడవి పేరు బ్లూ గమ్ హై ఫారెస్ట్. ఇదంతా దారుగ్ జాతివారి నేల. 1816లో పెనెంట్ హిల్స్ ప్రాంతంలో ప్రభుత్వం కలప కోత కేంద్రం పెట్టి, శిక్ష పడినవాళ్ళ చేత ఈ మానులను కొట్టించి సిడ్నీ కట్టడాలకు తరలించింది. తరవాత పండ్లతోటలు వచ్చాయి, ఆ తోటలను చీల్చి 1980లలో ఇళ్ళ స్థలాలు వేశారు. ఒకప్పటి అడవిలో ఇప్పుడు నూటికి ఐదు వంతులు కూడా మిగలలేదు. చట్టం దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న అడవిగా గుర్తించింది.

ఈ చరిత్ర ఇల్లు కొనేవారికి ఎందుకంటారా? మీ పెరట్లో అటువంటి చెట్టు ఒకటి ఉంటే, ఇల్లు మీ పేరున రిజిస్టర్ అయినా చెట్టు మీద మీకు పూర్తి హక్కు రాదు. చెర్రీబ్రూక్ హార్న్స్‌బీ కౌన్సిల్ పరిధిలోది, కాసిల్ హిల్ రోడ్డు దాటితే వెస్ట్ పెనెంట్ హిల్స్, అది హిల్స్ కౌన్సిల్ కిందికి వస్తుంది. హార్న్స్‌బీ వాళ్ళు తమది అడవుల షైర్ (కౌన్సిల్ ప్రాంతం) అని బోర్డు మీదే రాసుకుంటారు, దానికి తగ్గట్టే వ్యవహరిస్తారు. పెద్ద కొమ్మ నరకాలన్నా చాలా సందర్భాల్లో దరఖాస్తు పెట్టాలి, అర్బరిస్టు (చెట్ల నిపుణుడి) నివేదిక కూడా అడగవచ్చు. మా వెనక పెరట్లో ఉన్న బ్లాక్‌బట్‌కు ఎండుకొమ్మలు తీయించడానికి కిందటేడు 2,800 డాలర్లు అయింది. మన వేపచెట్టు ఒక రుతువులో ఆకు రాల్చి ఊరుకుంటుంది, ఇవి ఏడాది పొడవునా రాలుస్తూనే ఉంటాయి. ఇంటి కప్పు గట్టర్లు ఏడాదికి మూడుసార్లు శుభ్రం చేయించకపోతే వాననీళ్ళు వెనక్కి తన్ని సీలింగులోకి దిగుతాయి.

అయినా ఇన్నేళ్ళ కాలంలో ఒక్కనాడూ ఇల్లు మారాలని అనిపించలేదు. నడి వేసవిలో కూడా సాయంత్రం ఆరింటికి మా వెనక వరండాలో ఫ్యాన్ లేకుండా కూర్చోగలం. నడక దూరంలో 40 హెక్టార్ల కంబర్లాండ్ స్టేట్ ఫారెస్ట్ ఉంది. మీరు లెక్క వేసేటప్పుడు ఈ చెట్ల సేవకయ్యే ఖర్చును కూడా నెలసరి కిస్తీలో కలిపి చూడండి, అప్పుడు అసలు ధర తెలుస్తుంది.

పాతబస్తీ, కాసిల్ హిల్

వేలం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. రెండేళ్ళ కిందట చెర్రీబ్రూక్‌లో మేము వరసగా నాలుగు శనివారాలు నాలుగు ఇళ్ళ పాటకు వెళ్ళాం, నాలుగూ పోయాయి.

మొదటి ఇంటికి ఏజెంటు చెప్పిన అంచనా 18 లక్షల నుంచి 19 లక్షల 80 వేలు. న్యూ సౌత్ వేల్స్ చట్టం ప్రకారం అంచనాకు ఒక శ్రేణి ఇస్తే, పై అంకె కింది అంకెకు పది శాతం కన్నా ఎక్కువ ఉండకూడదు. ఆ శ్రేణి చట్టానికి సరిగ్గా సరిపోయింది. పాట మాత్రం 19 లక్షల 50 వేల దగ్గర మొదలైంది. ముంగిట గడ్డి మీద అరవై డెబ్బై మంది నిలబడ్డారు. సగం మంది ఇరుగుపొరుగువాళ్ళే, తమ ఇంటి విలువ తెలుసుకోవడానికి వచ్చినవాళ్ళు. గుర్తింపు కార్డు చూపించి నంబరు పలక తీసుకున్నవాళ్ళం తొమ్మిది మందిమి. మా తరఫున మా ఆవిడే పాడింది. 21 లక్షల 40 వేల దాకా పాడి పలక దించేసింది. ఆ తరవాత ఇద్దరే మిగిలి ఐదేసి వేలు, రెండేసి వేలు పెంచుకుంటూ పది నిమిషాలు లాగారు. ఇల్లు 22 లక్షల 65 వేలకు పోయింది. ఆ ఇంటి తనిఖీకీ పత్రాల పరిశీలనకూ మేము పెట్టిన 1,100 డాలర్లు అప్పటికే ఖర్చయిపోయాయి. అలా నాలుగుసార్లు.

మీరు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పాటలో గెలిస్తే వెనక్కి తగ్గే అవకాశం లేదు. అక్కడికక్కడే సంతకం, సాధారణంగా పది శాతం డిపాజిట్. బ్యాంకు అప్పు ఇవ్వకపోయినా, గోడలో చెదలు బయటపడినా ఆ డిపాజిట్ ప్రమాదంలో పడుతుంది. కాబట్టి తనిఖీలన్నీ శనివారానికి ముందే పూర్తి కావాలి. అమ్మేవారి తరఫున ఒక్కసారి మాత్రమే పాడే వీలుంది, అది అమ్మకందారు పాట అని వేలందారు బాహాటంగా చెప్పి తీరాలి. ఆ మాట చెవిన పడిందంటే సాధారణంగా ధర ఇంకా రిజర్వ్‌కు, అంటే అమ్మేవారు పెట్టుకున్న కనీస ధరకు, చేరలేదని అర్థం. అప్పుడు తొందరపడి పెంచకండి.

లెక్కలపంతులు, ఎపింగ్

పాతబస్తీ గారు చెప్పినదానికి అంకెలు జతచేస్తాను.

20 లక్షల ఇంటికి స్టాంప్ డ్యూటీయే 90 వేల డాలర్లు దాటుతుంది. మొదటి ఇల్లు కొనేవారికి ఇక్కడ 8 లక్షల వరకు పూర్తి మినహాయింపు, 10 లక్షల వరకు కొంత రాయితీ ఉన్నాయి, ఆపైన ఏమీ లేదు. 5 శాతం డిపాజిట్‌తో కొనడానికి కేంద్ర ప్రభుత్వం హామీ ఇచ్చే పథకంలో 2025 అక్టోబరు 1 నుంచి ఆదాయ పరిమితి ఎత్తేశారు. సిడ్నీలో ఇంటి ధర మాత్రం 15 లక్షలు మించకూడదు. అంటే చెర్రీబ్రూక్ విడి ఇల్లు ఆ పరిధిలోకి రాదు, అక్కడి పాత టౌన్‌హౌస్ (పక్క ఇళ్ళతో కలిపి కట్టిన ఇల్లు) ఒకటి రావచ్చు. మీరు ఈ దారి కూడా ఆలోచించండి.

బ్యాంకు మీకు ఈనాటి వడ్డీ మీద అప్పు లెక్కగట్టదు. దానికి మూడు శాతం కలిపి, అంత వడ్డీ అయినా కట్టగలరా అని చూస్తుంది. అది అనవసరపు జాగ్రత్త అనుకోవద్దు. 2022 మే నెలకు ముందు రిజర్వ్ బ్యాంకు రేటు 0.10 శాతం, 2023 నవంబరు నాటికి అదే 4.35 శాతం. నా సహోద్యోగి ఒకరి నెలవారీ కిస్తీ ఆ ఏడాదిన్నరలో 2,700 డాలర్లు పెరిగింది. ఆయన భార్య రెండో ఉద్యోగం చూసుకోవలసి వచ్చింది.

ఊళ్ళో స్థలం అమ్మి ఆ డబ్బు తెద్దామనుకుంటే ముందే ఇక్కడి అకౌంటెంటును కలవండి. మీరు ఆస్ట్రేలియాలో పన్ను నివాసి అయ్యాక, రాజమండ్రి స్థలం మీద వచ్చిన లాభాన్ని ఇక్కడి రిటర్నులో కూడా చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకు ఇక్కడ సర్దుబాటు ఉంటుంది. మన వాళ్ళలో చాలామంది ఈ సంగతి ఆలస్యంగా తెలుసుకుని ఇబ్బంది పడుతున్నారు.

ఓరుగల్లు, మార్స్‌డెన్ పార్క్

అందరూ చెట్ల గురించే రాస్తున్నారు, మనుషుల సంగతి కూడా రాయాలని నాకనిపించింది. మా వీధిలో పదకొండు తెలుగు ఇళ్ళున్నాయి. మా రెండో పాప పుట్టినప్పుడు నెల రోజుల పాటు మా ఇంట్లో పొయ్యి వెలిగించాల్సిన పని పడలేదు. పొద్దున ఒకరు పొంగల్, మధ్యాహ్నం ఒకరు పప్పుచారు తెచ్చి గుమ్మంలో పెట్టిపోయారు. బతుకమ్మ తొమ్మిది రోజులూ ఎదురుగా ఉన్న పార్కులోనే ఆడతాం. మా అత్తమ్మ వచ్చిన మూడో రోజుకే ఆమెకు సాయంత్రం నడకకు నలుగురు తోడు దొరికారు. గోదారిగట్టు గారూ, మీ అమ్మగారు వస్తారన్నారు కదా, ఆమె కారు నడపరు. చెర్రీబ్రూక్‌లో ఆ ఏటవాలు వీధుల్లో పగలంతా తలుపులు మూసి ఉన్న ఇళ్ళ మధ్య ఆమె ఎవరితో మాట్లాడతారు?

లోటు కూడా చెబుతాను. మా స్థలం 300 చదరపు మీటర్లు, ఇంటికీ ప్రహరీకీ మధ్య చెట్టు పెట్టే జాగా లేదు. పశ్చిమ సిడ్నీ వేడి మామూలుది కాదు. 2020 జనవరి 4న మాకు పడమర ఉన్న పెన్‌రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు మా నల్ల పెంకుల కప్పు కింద ఏసీ ఎంతసేపు తిరిగినా గది చల్లబడలేదు, పిల్లలను తీసుకుని షాపింగ్ సెంటర్‌లో కూర్చున్నాం. ఈ మాటలో అతిశయోక్తి లేదు. అయినా నన్ను అడిగితే, నడిచి వెళ్ళగలిగిన దూరంలో పలకరించే మనిషి ఉండటమే ముఖ్యం.

కోనసీమ, చెర్రీబ్రూక్

ఓరుగల్లు అబ్బాయీ, నీ మాట కాదనను. నేను డెబ్బై ఒకటో ఏట మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు మొదటి మూడు నెలలూ నువ్వన్నట్టే గడిచాయి. కొడుకూ కోడలూ ఏడున్నరకు వెళ్తే మళ్ళీ సాయంత్రమే మనిషి గొంతు వినిపించేది. చెట్లు ఎంత అందంగా ఉన్నా మాట్లాడవు కదా.

అది మారింది గోంగూర వల్ల. పెరట్లో రెండు మళ్ళు చేసి గోంగూర, తోటకూర వేశాను. ఒకరోజు పొద్దున్నే చూస్తే మళ్ళు రెండూ తవ్వి పోసినట్టున్నాయి. నల్లటి ఒళ్ళు, ఎర్రటి బోడి తల, మెడకు పసుపుపచ్చ తిత్తి ఉన్న కోడి లాంటి పక్షి కాళ్ళతో మట్టినీ ఆకులనూ వెనక్కి ఎగజిమ్ముతోంది. చీపురు తీసుకుని అదిలిస్తుంటే పక్కింటి ఆవిడ కంచె మీదుగా చూసి పరుగెత్తుకొచ్చింది. దాన్ని కొట్టకూడదట, బ్రష్ టర్కీ అంటారట, చట్టం దాన్ని కాపాడుతుందట. ఆకులన్నీ పోగుచేసి నా నడుం ఎత్తు గుట్ట కట్టేది మగపక్షే. అందులో గుడ్లు పెట్టించి, ముక్కుతో వేడి చూసుకుంటూ, ఎక్కువైతే ఆకులు తీసి, తక్కువైతే వేసి, ముప్పైమూడు డిగ్రీల దగ్గర ఉంచుతుందని ఆవిడ నాకు చేతులతో అభినయించి చెప్పింది. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎంత, ఆవిడకు వచ్చిన తెలుగు ఎంత! అయినా అర్థమైంది. మర్నాడు వాళ్ళాయన మళ్ళ మీద కోళ్ళ వల పరిచి రాళ్ళు పెట్టి వెళ్ళాడు. ఆ గోంగూర మొదటి కోత పచ్చడి చేసి వాళ్ళకు సీసాలో ఇచ్చాను. పుల్లగా ఉందని మొహం చిట్లించింది, సీసా మాత్రం వారంలో ఖాళీ చేసి తిరిగి ఇచ్చింది.

ఆవిడే నన్ను మంగళవారం పూట చర్చి హాల్లో జరిగే ఇంగ్లీషు మాటల తరగతికి తీసుకెళ్ళింది. అక్కడ చైనా నుంచి, కొరియా నుంచి, ఇరాన్ నుంచి వచ్చిన నాలాంటి అమ్మమ్మలు, నానమ్మలు పద్నాలుగు మందిమి. తెలుగువాళ్ళు వీధిలో లేకపోతే బతకలేమని అనుకోవద్దు బాబూ, కానీ కొడుకూ కోడలూ మొదటి నెలలోనే మనల్ని గడప దాటించాలి. గోదారిగట్టు నాయనా, మీ అమ్మకు ఇల్లు చూసేటప్పుడు బస్టాపు ఎన్ని అడుగుల్లో ఉందో, ఆ దారి ఎంత ఏటవాలో నువ్వు నడిచి చూడు.

పలక, బౌకమ్ హిల్స్

హైస్కూలు విషయం ఎవరూ రాయలేదు. నేను ఉపాధ్యాయురాలిని. ఈ ప్రాంతపు ధరల్లో పెద్ద భాగం చెర్రీబ్రూక్ టెక్నాలజీ హైస్కూలు వల్లే వచ్చింది. రెండు వేల మంది చదివే, రాష్ట్రంలోని అతి పెద్ద ప్రభుత్వ పాఠశాలల్లో అది ఒకటి. ఏ ఇల్లు దాని పరిధిలోకి వస్తుందో ఏజెంటు మాట నమ్మకుండా, విద్యాశాఖ వారి స్కూల్ ఫైండర్‌లో ఇంటి చిరునామా కొట్టి చూడండి. వీధికి ఒకవైపు లోపల, మరోవైపు బయట ఉండే సందర్భాలున్నాయి. ఈ హద్దులు శాశ్వతం కావు, చేరే సమయానికి అమల్లో ఉన్నదే లెక్క. జేమ్స్ రూస్ వంటి సెలెక్టివ్ పాఠశాలలకు హద్దులు లేవు, ఆరో తరగతిలో రాసే పరీక్షే ప్రాతిపదిక. కాబట్టి ఆ ఆశతో, ఆ బడి ఉన్న కార్లింగ్‌ఫర్డ్‌లో ఇల్లు కొననక్కరలేదు.

తుంగభద్ర, చెర్రీబ్రూక్

నేను రూరల్ ఫైర్ సర్వీస్‌లో ఆరేళ్ళుగా స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. పచ్చని సబర్బుల్లో ఇల్లు చూసేవారు అడగని ప్రశ్నలు రెండు ఉన్నాయి.

మొదటిది నిప్పు. చెర్రీబ్రూక్ ఉత్తరపు అంచు వీధులు నేరుగా బెరోరా వ్యాలీ నేషనల్ పార్క్ లోయల్లోకి దిగుతాయి. మంట గుట్ట ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది, కాబట్టి లోయ అంచున ఉన్న ఇంటికి ఎదురయ్యే ముప్పు నాలుగు వీధులు లోపల ఉన్న ఇంటికి ఉండదు. కొనుగోలు ఒప్పందానికి జతచేసే 10.7 ప్లానింగ్ సర్టిఫికేట్‌లో, ఆ స్థలం కార్చిచ్చు ముప్పు ఉన్నదా కాదా అని రాసి ఉంటుంది. ఉంటే, రేపు మీరు గది పెంచుకోవాలన్నా, వరండా వేసుకోవాలన్నా ముప్పు స్థాయిని బట్టి కిటికీ అద్దం మందం దగ్గరనుంచి అన్నీ మారిపోతాయి, ఖర్చు పెరుగుతుంది. సంతకం చేయకముందే ఆ చిరునామాకు బీమా ధర అడగండి. 2014లో తెచ్చిన 10/50 నియమం కింద, గుర్తించిన ప్రాంతాల్లో ఇంటికి పది మీటర్ల లోపు చెట్లను అనుమతి లేకుండా తీయవచ్చు. మన వాళ్ళు కొందరు దీనిని ఎండ కోసం, దృశ్యం కోసం వాడుకోవడం చూసి బాధపడ్డాను. అది ప్రాణరక్షణకు ఇచ్చిన వెసులుబాటు.

రెండోది గాలివాన. కిందటి తుఫానులో రాత్రి పదకొండింటికి మా వీధిలో ఒక బ్లూ గమ్ సగానికి విరిగి రోడ్డుకు అడ్డంగా పడింది. స్టేట్ ఎమర్జెన్సీ సర్వీస్ వాళ్ళు వచ్చేసరికి వేకువ నాలుగైంది, ఎందుకంటే ఆ రాత్రి వాళ్ళకు అటువంటి పిలుపులు వందలు. ఈలోపు కరెంటు లేని వీధిలో, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న ఒక పెద్దాయన ఇంటికి ఎదురింటివాళ్ళు జనరేటర్ మోసుకెళ్ళారు, మేము టార్చిలైట్లు పట్టుకున్నాం. ఎవరింటిలో ఎవరికి ఏ మందు అవసరమో, ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉందో ఆ వీధిలో అందరికీ తెలుసు. ఇలాంటి రాత్రులు గడిపిన వీధుల్లోనే అది సాధ్యపడుతుంది.

పక్కింటి చెట్టుతో తగాదా వస్తే 2006 నాటి చట్టం ప్రకారం ల్యాండ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్టుకు వెళ్ళవచ్చు. ఆస్తికి నష్టం, మనిషికి గాయం అన్న ముప్పు చూపించాలి. ఆకులు రాలుతున్నాయన్నంత మాత్రాన సాధారణంగా వినరు. చెట్లున్న చోట ఆకులు ఊడ్చుకోవడం నివాసి బాధ్యత అని కోర్టు పలుమార్లు చెప్పింది.

అద్దెఇల్లు, లిండ్‌ఫీల్డ్

కొంచెం భిన్నమైన మాట చెబుతాను, పెద్దలు తప్పుగా అనుకోవద్దు. ఈ చర్చ అంతా 20 లక్షలు పెట్టగలవారి మధ్య జరుగుతోంది. నేను ఆసుపత్రిలో నర్సును, లిండ్‌ఫీల్డ్‌లో పాత యూనిట్‌లో అద్దెకు ఉంటున్నాను. 2024 మే 13న లిండ్‌ఫీల్డ్, రోజ్‌విల్, కిల్లారా, గోర్డన్ స్టేషన్లకు 400 మీటర్ల లోపు ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లకు రాష్ట్రం అనుమతి ఇచ్చింది. కురింగాయ్ కౌన్సిల్ కోర్టుకెక్కింది. ఆ సమయంలో మా వీధిలో ప్రతి రెండో ముంగిట్లో వ్యతిరేక బోర్డులు కనిపించేవి. వాటి కింద నడుచుకుంటూ రాత్రి డ్యూటీకి వెళ్ళేదాన్ని. ఆ వీధిలోని వృద్ధులకు కట్టు కట్టే చేతులకు ఆ వీధిలో ఉండే వీలు కల్పించకూడదా అని ప్రతిరోజూ అనుకునేదాన్ని. ఇప్పుడు అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలి, 2025 మే 19 నుంచి కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదు. అది మాకు కొండంత ఊరట. కానీ కొత్త ఇళ్ళు కడితేనే కదా మాలాంటివాళ్ళకు చోటు దొరికేది.

నల్లమల, చెర్రీబ్రూక్

అమ్మా, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేను కూడా ఇక్కడ స్టేషన్ పక్క ప్రభుత్వ స్థలంలో అపార్ట్‌మెంట్లకు జోనింగ్ మార్చినప్పుడు అభ్యంతరం రాసినవాణ్ణే. 2019 మే 26న మెట్రో వచ్చింది. 2024 ఆగస్టు 19 నుంచి అది చాట్స్‌వుడ్ దాటి హార్బర్ కిందుగా సిటీలోకి వెళ్తోంది. ఇప్పుడు మార్టిన్ ప్లేస్‌కు అరగంటకు కాస్త అటూ ఇటూ. అంతకుముందు ఎం2 హైవే మీద బస్సులో నేను ఎన్ని ఉదయాలు నిలబడి వెళ్ళానో! ఇంత ఖర్చుతో వేసిన రైలును నాలుగు వందల ఇళ్ళవాళ్ళం మాత్రమే నడిచి అందుకోవడం న్యాయం కాదని ఇప్పుడు ఒప్పుకుంటాను. స్టేషన్ చుట్టూ ఎత్తు కట్టడాలు రానివ్వండి. గుట్ట అంచున మిగిలిన బ్లూ గమ్ తోపుల జోలికి మాత్రం పోవద్దని నా పట్టుదల. తోటలను తిరిగి నాటుకోవచ్చు, రెండు వందల ఏళ్ళ మానును ఎవరు నాటగలరు?

అద్దెఇల్లు, లిండ్‌ఫీల్డ్

ఆ తోపుల విషయంలో మీతో నాకు ఏ పేచీ లేదండీ.

గోదారిగట్టు, వెస్ట్‌మీడ్

ఇంత ఓపికగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఈ ఆరు వారాల్లో మేము చేసినది చెబుతాను.

లెక్కలపంతులు గారి అంకెలు కాగితం మీద పెట్టి చూశాక విడి ఇంటి ఆశ వదులుకున్నాం. పాతబస్తీ గారి మాట విని ఒక్క వేలానికి మాత్రం చూడటానికే వెళ్ళాం. పక్కనున్న యువ దంపతులు ఓడిపోయి కారులో కూర్చుని ఏడవడం చూశాక, పాట పాడే ధైర్యం మాకు లేదని తేలిపోయింది. ఆ తరవాత వేలం లేకుండా అమ్ముతున్న మూడు పడకగదుల టౌన్‌హౌస్ ఒకటి దొరికింది. 1980ల చివర్లో కట్టిన పద్దెనిమిది ఇళ్ళ సముదాయం, చెర్రీబ్రూక్ స్టేషన్‌కు పదకొండు నిమిషాల నడక. బస్టాపుకు 240 అడుగులు, దారి చదునుగా ఉంది. కోనసీమ అమ్మగారూ, నేనే స్వయంగా నడిచి లెక్కపెట్టాను.

ధర 15 లక్షల లోపే కుదిరింది. ఇలాంటి కొనుగోలులో ఐదు పనిదినాల గడువు ఉంటుందని, వెనక్కి తగ్గితే ధరలో పావు శాతం మాత్రమే పోతుందని మా కన్వేయన్సర్ (ఆస్తి పత్రాలు చూసే ఆవిడ) చెప్పింది. ఆ గడువులోనే చెదల తనిఖీ చేయించాం, స్ట్రాటా (సముదాయపు యజమానుల సంఘం) పుస్తకాలు తెప్పించాం. మూడేళ్ళ కిందటి సమావేశపు మినిట్స్‌లో ఒక చెట్టు వేళ్ళు ఉమ్మడి మురుగు గొట్టంలోకి చొరబడ్డాయని, మరమ్మతుకు ప్రత్యేక వసూలు చేయాలా అని చర్చ జరిగినట్టు ఉంది. నల్లమల గారు సేవ ఖర్చు అన్నది గుర్తొచ్చి గట్టిగా అడిగాం. గొట్టం మార్చిన రశీదు చూపించారు. చెట్టును కొట్టకుండా, గొట్టాన్నే పక్కకు తిప్పి వేశారు. అది చదివాక మా ఆవిడ, ఇటువంటివాళ్ళ మధ్య ఉండవచ్చు అంది. ఐదో రోజు గడువు దాటనిచ్చాం.

ఓరుగల్లు గారూ, మీ ప్రశ్న మాత్రం ఇంకా నన్ను వదలలేదు. అందుకే అమ్మ టికెట్టు ఆ మంగళవారపు తరగతులు మొదలయ్యే వారానికి తీసుకున్నాను.

సెటిల్‌మెంట్, అంటే ఇల్లు మా చేతికి రావడం, ఆరు వారాల్లో. ఒక చిన్న సందేహం మిగిలింది. వెస్ట్‌మీడ్ బాల్కనీలో ఏడేళ్ళుగా పెంచిన కరివేపాకు కుండీ ఉంది. కొత్త ఇంట్లో తూర్పున చిన్న వాకిలి, ఉత్తరం వైపు తిరిగిన ఇంటి గోడ, దక్షిణాన పెద్ద చెట్ల నీడ. వాస్తు ప్రకారం, మా ఊరి అలవాటు ప్రకారం దక్షిణపు ఎండ తగిలేలా పెట్టాలని అమ్మ ఫోన్లో అంటోంది. ఎక్కడ పెట్టమంటారు?

కోనసీమ, చెర్రీబ్రూక్

నాయనా, ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం పక్కగా నడుస్తాడు. నేనూ మొదటి ఏడు దక్షిణం వైపు పెట్టి జూలై చలికి ఒక మొక్క చంపుకున్నాను. ఉత్తరం వైపు తిరిగిన ఆ గోడ ముందు, ఇటుకకు ఆనుకుని పెట్టు. పగలంతా పట్టిన వేడిని ఆ గోడ రాత్రి మొక్కకు ఇస్తుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నీళ్ళు తగ్గించు, ఆకు రాల్చినా కంగారు పడి పీకేయకు, సెప్టెంబరుకు చిగురిస్తుంది. మీ అమ్మ వచ్చాక ఒక ఆదివారం తీసుకురా, నా దగ్గర మొలకలు మూడున్నాయి.